రూఫస్ పెట్టిన గాలి

చర్చి నుంచి వచ్చిన క్యాథరిన్ ఇంకా చెప్పులు విప్పలేదు. సందు మొగలో ఒక కారు గేరు మార్చుకున్న చప్పుడు వినబడింది. సంతపేటలో ఆ ఇరుకు సందులోకి కార్లు రావడం కొత్తేమీ కాదు. కానీ ఈ ఇంజను రెండో గేరులోకి పడేటప్పుడు ఒక్కసారి దగ్గి, ఆ తర్వాత గొంతు సవరించుకున్నట్టు సాఫీగా సాగింది. ఆ దగ్గు ఆమెకు తెలుసు.

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న ఆమె భర్త ఆండ్రూ, "ఎవురో వచ్చినట్టుండారే," అన్నాడు. ఆమె అప్పటికే గుమ్మం దాటింది.

వీధిలో ఎర్ర కారు ఆగి ఉంది. పైకప్పు లేదు, ఇద్దరే పడతారు, ఎత్తు మనిషి నడుము దాకా కూడా రాదు. రంగు కొత్తగా వేసింది. బానెట్ మీద ఎడమ పక్కనున్న ఆ చిన్న ఉబ్బు మాత్రం పాతదే. ఫైబర్ గ్లాసుతో దాన్ని పోతపోసి, కుదరక పగలగొట్టి, మళ్ళీ పోసింది ఆమె, ఆమె అన్న రూఫస్ కలిసే. అప్పుడు అంటుకున్న రసాయనం వాసన నెల రోజులు చేతుల్ని వదల్లేదు.

కారులోంచి ముప్పై ఏళ్ళ అమ్మాయి దిగింది. నుదుట చెమట తుడుచుకుంటూ నవ్వింది.

"క్యాథరిన్ ఆంటీనే గదా? నా పేరు వినీల. గూడూరు హజరత్తయ్య కూతుర్ని, నిమ్మకాయల మండీ..."

"తెలుసమ్మా. మా అన్న దగ్గిర ఈ బండి కొనింది మీ నాయనే గదా. లోపలికి రా."

వినీల లోపలికి రాలేదు. కారు పక్కనే నిలబడి తన గోడు చెప్పుకుంది. తండ్రి పెళ్ళికాక ముందు సరదాపడి కొన్న కారు, వ్యాపారం పెరిగాక నిమ్మకాయల గోడౌనులో టార్పాలిన్ కిందకు చేరింది. చిన్నప్పుడు తను అందులో కూర్చుని ఆడుకునేది. ఇప్పుడు మైపాడు రోడ్డులో రొయ్యల గుంటల నీళ్ళు పరీక్షించే ల్యాబు నడుపుతోంది. చేతిలో నాలుగు డబ్బులు ఆడాక కారును బయటికి తీసి, చెన్నైలో ఇంజను బాగు చేయించింది. రెండు నెలల్లో అక్కడి ట్రాకులో పాత కార్ల పోటీ ఉంది, అందులో నడపాలని ఆశ.

"అంతా బాగుండాది ఆంటీ, తిరగను మాత్రం తిరగదు. స్టీరింగ్ ఇట్టా తిప్పితే అట్టా నేరుగా పోతా ఉండాది. స్టీరింగ్ బాక్సు మార్చినారు, ఎలైన్‌మెంటు చేసినారు, అయినా అంతే. నాయన చెప్పినాడు, ఆ బండి టైర్ల సంగతి రూఫసన్న చెల్లెలికే తెలుసు, పోయి అడగమని."

అన్న పేరు బయటి మనిషి నోట విని చాలా రోజులైంది. రూఫస్ పోయి రెండేళ్ళు. ఆఖరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద కూడా, కిటికీ కింద బండి ఏదైనా గట్టిగా మలుపు తిరిగితే కళ్ళు మూసుకునే, "వెనక గాలి ఎక్కువుండాది దానికి," అనేవాడు.

"పద, చూద్దాం," అంది క్యాథరిన్.

"అన్నం?" అన్నాడు ఆండ్రూ గుమ్మంలోంచి.

"నువ్వు తినేసెయ్."

*

ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు పోయేటప్పుడు ఎడమ పక్కన రొయ్యల గుంటల్లో ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. సముద్రానికి ఇవతల, సరుగుడు తోటల పక్కన, వినీల మేనమామ వేసి అమ్ముడుపోక వదిలేసిన వెంచరు ఒకటుంది. తారు రోడ్లు, నంబరు రాళ్ళు, రంగు వెలిసిన ఆర్చి ఉన్నాయి. ఇల్లు ఒక్కటీ లేదు. ఒకటి రెండు మేకలు తప్ప అడ్డొచ్చేవాళ్ళు లేరు.

క్యాథరిన్ చర్చి చీర కొంగు బొడ్లో దోపుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది. అరవై దాటిన మోకాళ్ళు ఆ ఇరుకులో మడవడానికి కాసేపు పట్టింది. ఆర్చి దగ్గర్నుంచి వేగం పెంచి, మొదటి మలుపులో స్టీరింగ్ తిప్పింది. కారు ముక్కు కదల్లేదు. ముందు టైర్లు కీచుమని, మలుపు తిరగాల్సింది పోయి, మొండి ఎద్దులా ఎదురుగా ఉన్న ఇసుకలోకి నడిచింది. ఆమె బ్రేకు తొక్కి ఆపింది.

దిగి, రోడ్డు మీదే చతికిలబడి, నాలుగు టైర్లనూ ఒక్కొక్కటే తడిమి చూసింది. వెనకవి రెండూ వెడల్పాటి కొత్త టైర్లు. ముందువి సన్నవి, పాతవి. గోరు దిగనంత గట్టిపడిపోయాయి.

"వెనకవి ఎవురు వేసినారు?"

"నేనే చెప్పి వేయించినాను ఆంటీ. పెద్ద పెద్ద స్పోర్ట్స్ కార్లకు వెనక వెడల్పుగానే ఉంటాయి గదా."

"ఆ కార్ల ఇంజను బలం వేరే, పాపా. ఆ బలం రోడ్డు మీదికి దిగబళ్ళా, అందుకని వేస్తారు. ముందువీ దానికి తగ్గట్టే ఉంటాయి. నువ్వేమో వెనక్కాళ్ళకు బూట్లు తొడిగి, ముందుకాళ్ళకు అరిగిపోయిన హవాయి చెప్పులు తగిలించినావు. తడిసిన పొలం గట్టు మీద పరిగెత్తమంటే ఏ కాళ్ళు జారతాయి?"

వినీల ఒక్క క్షణం ఆలోచించి పకపకా నవ్వింది. "ముందువే."

"అందుకే నేరుగా పోతా ఉండాది. స్టీరింగ్ బాక్సు తప్పేం లేదు."

నాలుగూ ఒకే సైజు, ఒకే రకం టైర్లు తెప్పించమని చెప్పి క్యాథరిన్ ఇంటికొచ్చింది. ఆండ్రూ ఆమె కోసం అన్నం మూతపెట్టి ఉంచాడు. తింటున్నంతసేపూ ఆమె మనసు షోలవరంలో ఉంది.

*

అప్పుడు ఆమెకు ఇరవై ఒకటి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కొత్తగా చేరింది. రూఫస్ బస్సు డిపోలో మెకానిక్కు. ఇంటి వెనక రేకుల షెడ్డులో, ఎవరో పారేసిన స్టాండర్డ్ హెరాల్డ్ అనే పాత కారు చట్రం మీద వాళ్ళిద్దరూ ఆ కారు కట్టారు. పగలు డిపో, సాయంత్రం షెడ్డు. అమ్మ వచ్చి టీ గ్లాసులు బానెట్ మీద పెట్టి, "పెండ్లీడు పిల్లకు గ్రీజు పూస్తా ఉండావు గదరా," అని రూఫస్‌ను తిట్టిపోయేది.

ఏటా చలి తగ్గే రోజుల్లో షోలవరంలో పందేలు జరిగేవి. మద్రాసు దాకా పోనక్కర్లేదు, రెడ్‌హిల్స్ ఇవతలే. యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే మీద గడ్డిమోపులు పేర్చి మలుపులు కట్టేవాళ్ళు. గూడూరు నుంచి, సూళ్ళూరుపేట నుంచి జనం పులిహోర పొట్లాలు కట్టుకుని బస్సుల్లో వచ్చేవాళ్ళు. ఆ జనంలో హజరత్తయ్య కూడా ఉండేవాడని తర్వాత తెలిసింది.

నడిపేది రూఫస్. టైర్లు చూసేది క్యాథరిన్. కారు వచ్చి ఆగగానే పరిగెత్తి అరచేయి టైరు మీద ఆనించేది. మధ్యలో ఎక్కువ కాలితే గాలి ఎక్కువైందని, అంచులు ఎక్కువ కాలితే తక్కువైందని ఆమె చేతికి తెలిసిపోయేది. ముందువి గోరువెచ్చగా ఉండి వెనకవి సలసలమంటుంటే, అన్న మళ్ళీ కారును తోక మీద తిప్పుతున్నాడని అర్థం.

రూఫస్‌కు అలాగే కావాలి. ముందు టైర్లలో గాలి గట్టిగా, వెనక మెత్తగా పెట్టించేవాడు. ముందువి రోడ్డును గట్టిగా పట్టుకుంటే, వెనకవి ముందుగా జారేవి. ముక్కు మలుపు లోపలికి దూకేది, తోక బయటికి ఊగేది. పైగా హెరాల్డ్ వెనక చక్రాలకు మలుపులో కాళ్ళు లోపలికి ముడుచుకునే గుణం ఉంది. వేరే ఎవరైనా అయితే గుండె జారిపోయేది. రూఫస్ స్టీరింగ్‌ను తోక పోయిన వైపే తిప్పి, యాక్సిలరేటరు మీంచి కాలు మాత్రం తీయకుండా, తోక ఊపుకుంటూనే మలుపు దాటేవాడు. గడ్డిమోపుల మీద కూర్చున్న జనం లేచి నిలబడేవాళ్ళు.

"వెనక రెండు పాయింట్లు పెంచుదాం అన్నా, స్థిరంగా ఉంటాది," అని ఆమె అంటే, "ముందు చక్రాలతో అందరూ తిరగతారే క్యాతీ. వెనక చక్రాలతో తిరగబళ్ళా," అనేవాడు.

గెలిచింది తక్కువే. ఒక ఏడు రెండో స్థానం వచ్చింది. అయినా తిరుగుదారిలో తడ దగ్గర ఆగి చేపల వేపుడు తినేటప్పుడు, ఇద్దరూ ఒక్కో మలుపు గురించీ చేతులు తిప్పుకుంటూ మాట్లాడుకునేవాళ్ళు. తర్వాత పందేలు వేరే ట్రాకుకు పోయాయి. రూఫస్‌కు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఒకరోజు హజరత్తయ్య వచ్చి కారు తీసుకుపోయాడు. ఆరోజు చూడలేక క్యాథరిన్ కావాలని డ్యూటీ వేయించుకుని ఎక్స్ఛేంజిలోనే ఉండిపోయింది. సాయంత్రం వచ్చేసరికి షెడ్డులో నేల మీద నూనె మరక మిగిలింది.

*

కొత్త టైర్లు వచ్చాయని వినీల ఫోను చేసిన రోజు, క్యాథరిన్ టైర్ల గాలి కొలిచే పాత గేజి వెతికి సంచిలో వేసుకుంది. వెంచరు దగ్గర తనే మోకాళ్ళ మీద కూర్చుని నాలుగింటికీ గాలి సరిచేసింది. ముందు గట్టిగా, వెనక మెత్తగా. రూఫస్ పెట్టించినట్టే, ఒక్క పాయింటు తేడా లేకుండా.

తర్వాత ఎక్కి నడిపింది.

మొదటి మలుపులోనే ముక్కు గబుక్కున లోపలికి వచ్చింది. వెనక నడుము దగ్గర ఎవరో మెల్లగా తోసినట్టయింది. తోక బయటికి పోతోంది. ఆమె చేతులు ఆలోచించకుండానే స్టీరింగ్‌ను ఎదురు తిప్పాయి, కాలు అక్కడే ఉంది. కారు ఒక్కసారి ఊగి, నిలదొక్కుకుని, ముందుకు దూకింది. సముద్రపు గాలి ముఖాన కొడుతోంది. పక్క సీట్లో అన్న కూర్చుని, "అట్టా! అట్టా!" అంటున్నట్టే ఉంది. ఆమె ఆపకుండా తిరుగుతూనే ఉంది. ఆగి దిగేసరికి చెంపలు తడిసి ఉన్నాయి. వినీల చూడనట్టు సరుగుడు తోటల వైపు తిరిగి నిలబడింది.

"ఇదీ బండి," అంది క్యాథరిన్. "ఇప్పుడు నువ్వు నడుపు. మలుపు మధ్యలో కాలు మాత్రం తీయబాక."

వినీల బాగానే మొదలుపెట్టింది. మొదటి మలుపు నిదానంగా దాటింది. రెండోదాన్లో వేగం కొంచెం పెరిగింది. తోక కదిలింది. దూరం నుంచి చూస్తున్న క్యాథరిన్‌కు ఇంజను చప్పుడు హఠాత్తుగా ఆగినట్టు వినబడింది. కాలు తీసేసింది! బరువంతా ముందుకు పడి వెనక చక్రాలు తేలిపోయాయి. కారు బొంగరంలా గిర్రున తిరిగి, నంబరు రాయి ఒకదాన్ని కూలదోసి, దుమ్ములో వెనక్కి తిరిగి ఆగిపోయింది.

క్యాథరిన్ చెప్పులు వదిలేసి పరిగెత్తింది.

వినీలకు దెబ్బలేం తగల్లేదు. రెండు చేతులూ ఇంకా స్టీరింగ్‌ను వదల్లేదు.

"ఏం కాలేదు, ఏం కాలేదు పాపా. కాలు తీసినావు, అంతే."

"తీయకూడదని తెలుసు ఆంటీ. నా మనసుకు తెలుసు. కాలికి తెలీలా." తల వంచుకునే అంది. "మీ అన్న కారు ఆంటీ ఇది. నాకు రాదు."

నేర్చుకుంటే వస్తుందని చెప్పబోయిన క్యాథరిన్, ముందు ఆ చేతుల్ని స్టీరింగ్ మీంచి విడిపించింది. తను సంబరంగా తిరుగుతున్నప్పుడు, ఆ తర్వాత ఎక్కబోయే పిల్ల సంగతి ఒక్కసారి కూడా తనకు గుర్తు రాలేదు.

*

కూతురు ఫోనులో సంగతి చెప్పడంతో, మర్నాడు పొద్దున్నే హజరత్తయ్య గూడూరు నుంచి దిగాడు. డెబ్బై దాటిన భారీ మనిషి. చేతిలో నిమ్మకాయల సంచి క్యాథరిన్‌కు ఇచ్చి, నేరుగా వెంచరుకు పోదామన్నాడు. వినీల మొహం ముడుచుకునే ల్యాబు జీపులో ఇద్దరినీ తీసుకుపోయింది. నిన్న అక్కడే వదిలేసి వచ్చిన కారును ఆయన చుట్టూ తిరిగి చూసి, కూలిన నంబరు రాయి మీద కూర్చున్నాడు.

"గాలి ఎంత పెట్టినావు చెల్లెమ్మా?"

"అన్న పెట్టినట్టే పెట్టినాను, హజరత్తన్నా."

"ఏ అన్న? నాకు బండి ఇచ్చిన దినం రూఫస్ ఇట్టా పెట్టలేదే!"

క్యాథరిన్ తల ఎత్తి చూసింది.

"నువ్వు ఆ దినం లేవు," అన్నాడాయన. "గూడూరు దాకా తనే పక్కన కూర్చుని వస్తానన్నాడు. ఊరు దాటినాక పెట్రోలు బంకు దగ్గిర ఆపమన్నాడు. దిగి, వెనక గాలి పెంచినాడు, ముందు తగ్గించినాడు. బాగానే నడస్తా ఉండాది గదా రూఫసూ, ఎందుకు అన్నాను. ఇది నా కాలికి పెట్టిన గాలి హజరత్తయ్యా, నీ కాలికి పనికిరాదు అన్నాడు. నాకు కోపం కూడా వచ్చింది, నాకు నడపను రాదంటా ఉండాడని. నవ్వినాడు. భయమేస్తే ఎవురైనా కాలు తీస్తారు, తీసినా బండి నిన్ను కాపాడబళ్ళా, ఇంక ఇది నీ బండి గదా అన్నాడు."

"అట్టా అన్నాడా?"

"అన్నాడు. గూడూరులో దిగి, బస్సెక్కే ముందర ఒకసారి దీని బానెట్ మీద చెయ్యి పెట్టినాడు. అంతే, మళ్ళా తిరిగి చూడలా."

సరుగుడు తోటలో గాలి హోరుమంటోంది. ఇన్నేళ్ళూ క్యాథరిన్, అన్న ఆ కారును తన గుండెలోంచి తీసి ఇచ్చేశాడని బాధపడింది. ఆ కారు మళ్ళీ దొరికితే అంగుళం మారకుండా ఉండాలనుకుంది. బంకు దగ్గర వంగి, తనకిష్టమైన ఆ తోక ఊపును తన చేత్తోనే తీసేస్తున్న రూఫస్‌ను ఇప్పుడు ఆమె చూడగలుగుతోంది. నిమ్మకాయల సంచి కింద పెట్టి, గేజి తీసుకుంది.

"రా వినీలా. ఈసారి నువ్వు పెట్టు గాలి, నేను చెప్తాను."

వెనక పెంచారు, ముందు తగ్గించారు. వినీల భయంభయంగా ఒక చుట్టు తిరిగి వచ్చింది.

"ముక్కు బద్ధకంగా ఉండాది ఆంటీ. లేటుగా తిరగతా ఉండాది."

"ముందు ఒక్క పాయింటు ఎక్కించు."

మళ్ళీ తిరిగింది. ప్రతిసారీ ఆగగానే క్యాథరిన్ అరచేయి టైరు మీద పెట్టేది, వినీల చేయి కూడా పట్టి పెట్టించేది. "ఇదిగో, బయటి అంచు చూడు, ఇది కాలతా ఉండాది. లోపలిది చల్లగా ఉండాది. ఏం చెప్తా ఉండాది?" మొదట్లో వినీలకు అన్నీ ఒకేలా వేడిగా అనిపించాయి. మధ్యాహ్నానికి తేడా తెలియడం మొదలైంది.

చివరికి క్యాథరిన్ పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. "ఇప్పుడు మలుపు మధ్యలో కావాలనే కాలు తియ్యి."

"వద్దాంటీ."

"నేనున్నాను గదా. నిదానంగా పోతానే తియ్యి."

వినీల పళ్ళు బిగించి కాలు తీసింది. తోక ఒక్క జానెడు కదిలి, తడబడి, మళ్ళీ దారిలోకి వచ్చింది. అంతే. వినీల నోరు తెరిచి క్యాథరిన్ వైపు చూసింది. తర్వాత ఇంకొంచెం వేగంగా పోయి మళ్ళీ తీసింది. మళ్ళీ సర్దుకుంది. హజరత్తయ్య రాయి మీద నుంచి లేచి, తలపాగా తువ్వాలు తీసి గాలిలో ఊపాడు.

క్యాథరిన్ నవ్వింది కానీ, లోపల ఎక్కడో కలుక్కుమంది. కారు మలుపులన్నీ ఒద్దికగా, చప్పుడు చేయకుండా తిరుగుతోంది. నిన్న తన నడుముకు తగిలిన ఆ తోపు ఇక లేదు. పక్కనున్న పిల్ల మాత్రం గట్టిగా ఊపిరి తీసుకుంటూ, కళ్ళు మెరుస్తూ, "ఇంకొక్క చుట్టు ఆంటీ," అంటోంది.

*

ఎర్ర కారును లారీ ఎక్కించి, చెన్నై పోటీకి ముగ్గురూ జీపులో పోయారు. ఆండ్రూ కూడా వస్తానన్నాడు కానీ, వేగం చూస్తే తనకు బీపీ పెరుగుతుందని చివరి నిమిషంలో ఆగి, పులిహోర కట్టిచ్చాడు. ట్రాకు తళతళలాడుతూ, పెయింటు గీతలతో, షోలవరానికి ఏ పోలికా లేకుండా ఉంది. గడ్డిమోపులు లేవు. అయినా కాలుతున్న రబ్బరు వాసన రాగానే క్యాథరిన్ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

వినీల మొదటి చుట్లలో వెనకబడింది. తర్వాత ధైర్యం తెచ్చుకుని ఇద్దరిని దాటింది. ఒక మలుపులో ముందున్న కారు అడ్డం తిరిగితే ఉలిక్కిపడి కాలు తీసేసింది. తోక కదిలింది, సర్దుకుంది. హజరత్తయ్య క్యాథరిన్ భుజం గట్టిగా పట్టుకుని, వదిలాడు. ఎనిమిది కార్లలో అయిదోదిగా వచ్చింది. దిగీ దిగగానే తనే పరిగెత్తి ముందు టైరు మీద అరచేయి ఆనించింది.

తిరుగుదారిలో తడ దగ్గర టీకి ఆగారు. హజరత్తయ్య తెలిసినవాళ్ళందరికీ ఫోనులో కూతురి గొప్ప చెప్పుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. వినీల టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని స్టీరింగ్‌లా మెల్లగా తిప్పుతోంది.

"ఆంటీ, ఒకటి అడగతా. మలుపు మధ్యలో బండి ఏందో చేయాలని చూస్తా ఉండాది. మనం చెయ్యనీకుండా పట్టుకున్నట్టుండాది. వెనక రెండు పాయింట్లు తగ్గిద్దామా?"

క్యాథరిన్ ఆ పిల్ల మొహంలోకి చూసింది. అక్కడ భయం లేదు, ఆత్రం ఉంది.

"ఒకటి తగ్గిద్దాం," అంది. "ముందు ఒకటే."

వచ్చే ఆదివారం చర్చి అయ్యాక వెంచరు దగ్గర కలుద్దామనుకుని ఇద్దరూ టీ తాగి లేచారు.